నెలలు నిండని శిశువునకు తల్లిపాలే తొలి ఔషధము

"ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ దక్కదు" అను మాట మన ఇండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నది. ఈ మాట వలన జరుగు కీడు చిన్నది కాదు. ఎనిమిదవ నెలలో కాన్పు కాగానే ఇంటి పెద్దల ముఖములు వాడిపోవును. బిడ్డ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండును. తల్లి వేరొక గదిలో కన్నీరు పెట్టుకొనుచుండును. "బిడ్డ సంగతి తేలిన తరువాత పాల సంగతి చూతము" అని బంధువులు అందురు. ఆ మూడు నాలుగు దినములలో తల్లి స్తనములలో ఊరిన పాలు గడ్డకట్టి, సలిపి, చివరకు ఇంకిపోవును. బిడ్డ కోలుకొని పాలు త్రాగు స్థితికి వచ్చు నాటికి తల్లికి పాలు ఉండవు. అప్పుడిక డబ్బా పాలే గతి యగును.

నెలలు నిండని శిశువు విషయమున పాల సంగతి తరువాత చూచుకొనదగినది కాదు. కాన్పు జరిగిన మొదటి గంటలలోనే చూడవలసినది. ఇందుకు కారణమేమి, ఇంటివారు చేయవలసినదేమి అను విషయములను గృహస్థులకు అర్థమగునట్లు వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఒక్క మాట ముందుగానే చెప్పవలెను. ఇట్టి శిశువునకు ఇంటి వైద్యము లేదు. శిశువును ఆసుపత్రిలోనే, శిశు వైద్యుని పర్యవేక్షణలోనే ఉంచవలెను. అయితే ఆ ఆసుపత్రిలోని వైద్యుడు కూడా ఇవ్వజాలని ఔషధము ఒకటి తల్లి యొద్ద మాత్రమే ఉన్నది.

ఎనిమిదవ నెల మాట ఎక్కడిది?

37 వారములు నిండక ముందు పుట్టిన శిశువును నెలలు నిండని శిశువు అందురు. 2020 సంవత్సరములో ప్రపంచమున సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఇట్లు పుట్టిరి. అందులో మన దేశమున పుట్టినవారే దాదాపు 30 లక్షల మంది. కావున ఇది ఏ ఒక్క ఇంటికో వచ్చిన ఆపద కాదు.

ఎనిమిదవ నెలలో గర్భమునందు ఓజస్సు స్థిరముగా ఉండదనియు, అది తల్లి నుండి బిడ్డకు, బిడ్డ నుండి తల్లికి సంచరించుచుండుననియు చరక, సుశ్రుత సంహితలు చెప్పుచున్నవి. ఆ సమయమున పుట్టిన బిడ్డ నిలుచుట కష్టమని సుశ్రుతుడు చెప్పినాడు. బిడ్డకు వెచ్చదనమును కాపాడు యంత్రములు గాని, మ్రింగలేని బిడ్డకు గొట్టము ద్వారా పాలు పంపు ఉపాయము గాని, ఊపిరికి ఆధారము గాని లేని కాలమది. ఆనాటి అనుభవమును ఆచార్యులు ఉన్నది ఉన్నట్లు చెప్పినారు. బిడ్డను వదలివేయుమని వారు చెప్పలేదు.

నేటి అనుభవము వేరు. గర్భమునందు గడచిన ప్రతి వారము బిడ్డ ఊపిరితిత్తులకు, ప్రేగులకు, మెదడుకు బలము చేకూర్చును. అందుచేత ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ ఏడవ నెలలో పుట్టిన బిడ్డ కంటె బలము గలదియే. సరియైన సంరక్షణ లభించినచో అట్టి బిడ్డలలో అత్యధికులు బ్రతికి, అందరు పిల్లల వలెనే పెరుగుదురు. కనుక ఆశ వదలుకొని పాలు పిండుట మానివేయుట బిడ్డకు అన్యాయము చేయుటయే యగును.

ముందుగా పుట్టిన బిడ్డకు తగిన పాలు

నెలలు నిండి ప్రసవించిన తల్లి పాలకును, ముందుగా ప్రసవించిన తల్లి పాలకును భేదము ఉన్నది. 1978లో కెనడా దేశపు పరిశోధకులు ముందుగా ప్రసవించిన తల్లుల పాలలో మాంసకృత్తులకు ఆధారమైన నత్రజని ఎక్కువగా ఉన్నదని చూపినారు. తరువాతి పరిశోధనలలో సోడియం వంటి లవణములు, రోగనిరోధక పదార్థములు కూడా మొదటి వారములలో ఎక్కువగా ఉండునని తెలిసినది. వేగముగా పెరుగవలసిన బిడ్డకు కావలసినవి ఇవియే. అనగా తల్లి దేహము బిడ్డ తొందరపడి వచ్చిన సంగతి నెరిగినట్లు పాలను సిద్ధము చేయుచున్నది. ఏ డబ్బాలోను ఈ ఏర్పాటు లేదు.

రెండవ విశేషము రక్షణ. తల్లి రక్తము నుండి బిడ్డకు రోగనిరోధక పదార్థములు చేరుట ఎక్కువగా గర్భము చివరి మూడు నెలలలో జరుగును. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ భాగ్యము సగములోనే ఆగిపోయినది. ఆ లోటును కొంతవరకు పూడ్చునది ముర్రుపాలు. అవి పసుపు రంగుగా, చిక్కగా, జిగటగా ఉండుట చూచి "చెడుపాలు" అని పిండి పారబోయువారు నేటికిని కలరు. ఆ రంగు, ఆ చిక్కదనము దోషములు కావు. ముర్రుపాలు ప్రేగుల లోపలి పొరకు పూత వలె పట్టి, సూక్ష్మజీవులు లోనికి చొరబడకుండ కాచును. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు జీర్ణము కావు. అవి ప్రేగులలోని మేలు చేయు సూక్ష్మజీవులకు ఆహారమై వాటిని పెంచును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. నెలలు నిండని బిడ్డలను బలిగొను వ్యాధులలో ఒకటి ప్రేగులకు వచ్చును. ప్రేగుల గోడ వాచి, కుళ్లి, కొన్నిసార్లు రంధ్రము పడును. దీనిని వైద్యులు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అందురు. 1990లో ఇంగ్లండులో 926 మంది నెలలు నిండని శిశువులపై జరిగిన పరిశీలనలో, డబ్బా పాలు మాత్రమే త్రాగిన బిడ్డలలో ఈ వ్యాధి తల్లిపాలు మాత్రమే త్రాగిన బిడ్డలలో కంటె 6 నుండి 10 రెట్లు ఎక్కువగా కనిపించినది. డబ్బా పాలతో పాటు తల్లిపాలు కూడా త్రాగిన బిడ్డలలో వ్యాధి, డబ్బా పాలే త్రాగినవారిలో కంటె తక్కువగా ఉన్నది. కావున తల్లి పాలు తక్కువగా ఉన్నను వృథా కావు. ప్రతి చుక్కయు పనికి వచ్చునదే.

తేనె, నేయి, వసకొమ్ము విషయము

ఇక్కడ సాంప్రదాయికులు ఒక ప్రశ్న వేయుదురు. "శాస్త్రమే జాతకర్మలో తేనె, నేయి నాకించుమన్నది గదా! మీరు వైద్యులై ఉండియు వద్దనుట ఎట్లు?" ప్రశ్న సమంజసమైనదే. చరకుడు జాతకర్మలో తేనె, నేయి నాకించి, ఆ పిమ్మట కుడి స్తనమును ముందుగా ఇమ్మని చెప్పినాడు. సుశ్రుతుడు మూడు నాలుగు దినముల వరకు స్తన్యము సరిగా వెలువడదని చెప్పి, అంతవరకు తేనె, నేయి మొదలగునవి విధించినాడు. ఈ రెండవ మాటనే పట్టుకొని మన ఇండ్లలో మూడు దినములు పాలు ఇవ్వకుండ ఉంచు అలవాటు స్థిరపడినది.

అయితే మొదటి దినముననే ముర్రుపాలు వెలువడునని నేడు ప్రత్యక్షముగా తెలియుచున్నది. తేనెలో ఒక్కొక్కప్పుడు క్లాస్ట్రిడియం బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు ఉండును. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి విషమును పుట్టింపగలవు. అప్పుడు కండరములు సడలి, చప్పరించు శక్తి తగ్గి, ఊపిరికే ముప్పు వచ్చును. శిశువులలో ఈ వ్యాధిని 1976లో అమెరికాలో గుర్తించినారు. కంటికి చూచుటకు తేనె ఎంత స్వచ్ఛముగా ఉన్నను ఈ బీజములు కనబడవు.

ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అను నాలుగు విధముల పరీక్షను చరకుడే మనకు నేర్పినాడు. ప్రత్యక్షముగా తెలిసిన దానిని త్రోసివేయుట శాస్త్రభక్తి కాదు. నేను గురువుల యొద్ద అభ్యసించిన సంహితలపై నాకు గల గౌరవముతోనే ఈ మాట చెప్పుచున్నాను. జాతకర్మ చేసికొనువారు మంత్రమును చదువుకొనవచ్చును. తేనె స్థానములో, శిశు వైద్యుడు అనుమతించినచో, తల్లి ముర్రుపాల చుక్కను బిడ్డ పెదవులకు తాకించవచ్చును. బిడ్డకును మేలు, ఆచారమునకును లోటు లేదు.

ఇదే విధముగా నెలలు నిండని శిశువునకు వసకొమ్ము అరగదీసి నాకించుట, ఆముదము చుక్కలు వేయుట, పంచదార నీరు, గ్రైపు వాటరు, గాడిద పాలు, నీరు కలిపిన ఆవు పాలు ఇచ్చుట పూర్తిగా మానవలెను. మందులు అనగా వైద్యుడు వ్రాసి ఇచ్చినవి మాత్రమే. ఆ బిడ్డ ప్రేగులకు తల్లిపాలు తప్ప మరేదియు తట్టుకొను శక్తి లేదు.

పాలు పడుటకు చేయవలసినది

సాధారణముగా 34 వారముల ప్రాయము వచ్చు వరకు బిడ్డకు చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడింటిని చక్కగా కలుపుకొను నేర్పు ఉండదు. కావున మొదట పాలను పిండి గొట్టము ద్వారా ఇచ్చెదరు. బిడ్డ చప్పరించకున్నను తల్లి మాత్రము పాలు పిండుచునే ఉండవలెను. పాలు తీసిన కొలదియు ఊరును, నిలువ ఉంచిన కొలదియు తగ్గును. ఇదియే పాలకు సంబంధించిన మూల సూత్రము.

తల్లి స్థితి బాగుగా ఉన్నచో కాన్పు అయిన గంటలోపు, లేనిచో 6 గంటలలోపు పిండుట ఆరంభింపవలెను. రాత్రితో కలిపి దినమునకు 8 నుండి 12 సార్లు పిండవలెను. చేతులు సబ్బుతో కడుగుకొని, గోరువెచ్చని తడిబట్టతో స్తనమునకు కొంచెము కాపు పెట్టుకొని, బొటనవ్రేలిని నల్లని వలయమునకు పైన, మిగిలిన వ్రేళ్లను క్రింద ఉంచి, ముందుగా ఛాతీ వైపు నొక్కి, ఆ తరువాత వ్రేళ్లను దగ్గరకు తెచ్చి పిండవలెను. చర్మముపై వ్రేళ్లను రుద్దుచు జార్చరాదు. మొదటి దినము ఒక్కొక్కసారి నాలుగైదు చుక్కలే రావచ్చును. దానిని చూచి "పాలు పడలేదు" అని నిరాశ చెందరాదు. ఆ చుక్కలనే సిరంజిలోనికి తీసికొని నర్సునకు ఇవ్వవలెను. క్రమము తప్పకుండ పిండిన తల్లులకు రెండు వారములు గడచు సరికి దినమునకు అర లీటరుకు పైగా పాలు రాగలవు.

సుశ్రుతుడు ఈ విషయమున చెప్పినది నేటికిని అక్షరసత్యము. బిడ్డను చూచుట, తాకుట, తలచుకొనుట వలన స్తన్యము స్రవించుననియు, బిడ్డపై ఎడతెగని ప్రేమయే దానికి మూలమనియు ఆయన చెప్పినాడు. కోపము, శోకము, వాత్సల్యము లేకుండుట స్తన్యనాశమునకు కారణములన్నాడు. ఆక్సిటోసిన్ అను స్రావము ఈ విధముగానే పనిచేయునని ఆధునికులు కనుగొన్నారు. కావున తల్లిని బిడ్డ ఉన్న గదిలోనికి దినమునకు పలుమార్లు తీసికొని పోవలెను. బిడ్డ పక్కనే కూర్చుండి పిండినచో పాలు సులువుగా దిగును. "నీ వలననే నెలలు నిండకుండ పుట్టినది" అను నిష్ఠూరపు మాట ఆమె చెవిని పడనీయరాదు. ఆ మాట ఆమెను మాత్రమే కాదు, బిడ్డ ఆహారమును కూడా దెబ్బ తీయును.

బాలింత ఆహారము

కొన్ని ఇండ్లలో బాలింతకు మొదటి దినములలో అన్నము పెట్టక, మంచినీరు కొలిచి పోయుదురు. ఇది తగదు. ఆకలి కలిగిన బాలింతకు జీర్ణశక్తిని అనుసరించి స్నేహ పదార్థమును, పిదప పలుచని గంజిని ఇమ్మని చరకుడు చెప్పినాడు. ఆయన ఉద్దేశము అగ్నిని కాపాడుచు పోషించుట, మాడ్చుట కాదు. మెత్తని అన్నము, పెసరపప్పు, నేయి, మునగాకు, మెంతికూర, వేయించిన నువ్వులు, వెల్లుల్లి, పాలు, మాంసాహారులైనచో చేపలు, గ్రుడ్లు చక్కని ఆహారము. దాహమైనప్పుడెల్ల కాచి చల్లార్చిన నీరు త్రాగవచ్చును. శస్త్రచికిత్స కాన్పు అయినచో వైద్యుడు చెప్పిన సమయము నుండి ఆహారము ఆరంభింపవలెను.

పిల్లిపీచర అని మన పల్లెలలో పిలుచు శతావరి స్తన్యమును వృద్ధి చేయు మూలికలలో ప్రసిద్ధమైనది. దాని చూర్ణమును 3 గ్రాముల చొప్పున ఉదయము, రాత్రి పాలతో తీసికొనవచ్చును. అయితే బాలింతకు చికిత్స చేయుచున్న వైద్యునకు తెలిపి మాత్రమే వాడవలెను. ఇంకొకటి గుర్తుంచుకొనవలెను. శతావరి తిని, పాలు పిండక కూర్చున్నచో ప్రయోజనము శూన్యము. మూలిక సహాయకారి మాత్రమే. పిండుటయే ప్రధాన చికిత్స.

పిండిన పాలు, ఉగ్గుగిన్నె

పాలు పట్టు పాత్రను, ఉగ్గుగిన్నెను సబ్బుతో కడిగి, 20 నిమిషములు నీటిలో మరిగించవలెను. పిండిన పాలు గది వాతావరణములో 4 గంటలకు మించి ఉంచరాదు. మన వేసవి ఎండలలో అంతకంటె త్వరగా వాడుట మంచిది. రిఫ్రిజిరేటరులో తలుపు వద్ద కాక లోపలి భాగమున మూతపెట్టి ఉంచినచో 24 గంటల లోపల వాడుకొనవచ్చును. పాలను పొయ్యిపై కాచరాదు. పాత్రను గోరువెచ్చని నీటిలో ఉంచి చలి విరిచిన చాలును.

గొట్టము నుండి రొమ్ముకు మారు నడుమ కాలములో మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె మిక్కిలి ఉపకరించును. నేడు ఆసుపత్రులలో నర్సులు పలాడై అను పేర వాడుచున్నది ఈ వస్తువునే. బిడ్డను కొంచెము నిటారుగా ఒడిలో పట్టుకొని, గిన్నె మూతిని పెదవి చివర ఆనించి, కొద్ది కొద్దిగా, బిడ్డ మ్రింగిన తరువాతనే మరికొంచెము పోయవలెను. పడుకోబెట్టి పోసినచో పొలమారును. పాల సీసాను, రబ్బరు పీకను దరి చేరనీయరాదు. వాటిని శుభ్రపరచుట కష్టము. వాటికి అలవాటుపడిన బిడ్డ రొమ్మును పట్టుటకు మొండికేయవచ్చును.

బిడ్డ 1500 గ్రాముల కంటె తక్కువ బరువున్నచో తల్లిపాలకు తోడుగా మాంసకృత్తులు, కాల్షియం, ఫాస్ఫరస్ కలిగిన పొడిని పాలలో కలుపవలసి రావచ్చును. డి విటమిను, ఇనుము చుక్కలు కూడా అవసరమగును. వైద్యుడు వీటిని వ్రాసినచో "తల్లిపాలు చాలవన్నారు" అని అపార్థము చేసికొనరాదు. అవి తల్లిపాలకు తోడే గాని బదులు కావు.

తల్లికి పాలు చాలనప్పుడు

తల్లి పాలు చాలని బిడ్డకు ధాత్రిని, అనగా పాలిచ్చు దాదిని ఏర్పాటు చేయుమని మన సంహితలు చెప్పినవి. ఆమె ఆరోగ్యము, శీలము, స్తన్య శుద్ధి పరీక్షింపవలెనని విధించినవి. నేటి తల్లిపాల నిధులు ఆ భావమునకే క్రొత్త రూపములు. ప్రపంచములో మొదటిది 1909లో వియన్నా నగరమున వెలసినది. మన దేశమున 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ గారు దీనిని ప్రారంభించినారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ఏర్పడిన పాలనిధికి "ధాత్రి" అనియే పేరు పెట్టినారు.

ఇచ్చట పాలిచ్చు తల్లులకు రక్త పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషములు వేడిచేసి, పరీక్షించి బిడ్డలకు ఇత్తురు. ఇరుగుపొరుగు బాలింత నుండి పరీక్ష లేకుండ పాలు తెచ్చి పట్టరాదు. హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు పాల ద్వారా సోకగలవు. పాలనిధి పాలను వేడి చేయుట వలన రక్షక గుణములు కొన్ని తగ్గును. అందుచేత కన్నతల్లి పాలకే ఎప్పుడును మొదటి స్థానము, నిధి పాలకు రెండవది. ఆ రెండును లేనప్పుడే వైద్యుని సలహాపై డబ్బా పాలు. పాలు ఎక్కువగా ఉన్న తల్లులు పాలనిధికి దానము చేయుట గొప్ప పుణ్యకార్యము.

గుండెపై బిడ్డ

1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున, యంత్రములు చాలని ఆసుపత్రిలో, బిడ్డను తల్లి ఛాతీపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతిని డాక్టర్ ఎడ్గార్ రే ఆరంభించినాడు. కంగారూ జంతువు బిడ్డను మోయుటను బట్టి దీనికి కంగారూ సంరక్షణ అను పేరు వచ్చినది. మన ఢిల్లీ ఆసుపత్రితో సహా ఐదు దేశములలో జరిగి 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఈ సంరక్షణ పొందిన తక్కువ బరువు బిడ్డలలో మొదటి 28 దినములలో మరణించినవారు నూటికి 12 మంది. బిడ్డ స్థితి కుదుటపడిన పిమ్మట ఆరంభించిన వారిలో ఆ సంఖ్య దాదాపు 16. ఈ పద్ధతిని దినమునకు 8 నుండి 24 గంటల వరకు ఆచరింపుమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

దీని వలన బిడ్డకు వెచ్చదనము, తల్లికి పాలు రెండును లభించును. తల్లి అలసినప్పుడు తండ్రి గాని, అమ్మమ్మ గాని, నానమ్మ గాని బిడ్డను ఇట్లే ఎత్తుకొనవచ్చును. బిడ్డ తగిన బరువు పెరుగు వరకు నలుగు పెట్టి తలంటుటను, సాంబ్రాణి పొగను మానవలెను.

ఇంటికి వచ్చిన పిదప

ఇంటికి వచ్చిన తరువాత బిడ్డ దినమునకు 6 నుండి 8 సార్లు మూత్రము పోయుచు, వారమువారము బరువు పెరుగుచున్నచో పాలు చాలుచున్నవని తెలిసికొనవలెను. పాలు త్రాగుట మానుట, కడుపు ఉబ్బుట, ఆకుపచ్చని వాంతి, మలములో రక్తము, ఒళ్లు చల్లబడుట, నిమిషమునకు 60కి మించి ఊపిరి తీయుట, ఊపిరి నడుమ ఆగుట, అరచేతులు అరికాళ్లు పచ్చబడుట – వీటిలో ఏది కనిపించినను ఒక్క గంటయైన ఆలసింపక ఆసుపత్రికి తీసికొని పోవలెను. తాయెత్తుల కొరకు, నాటు మందుల కొరకు తిరుగుచు కాలము పోగొట్టరాదు.

ఇంటి పెద్దలకు చివరి మనవి. నెలలు నిండని బిడ్డ పుట్టిన ఇంట అందరును ఏమి చేయవలెనో తోచక కలత చెందుదురు. చేయవలసినది చాలనే ఉన్నది. బాలింతకు వేళకు అన్నము పెట్టుడు. రెండు గంటలకు, మూడు గంటలకు ఆమెను లేపి పాలు పిండించుడు. పాత్రలు మరిగించి ఇండు. ఆమెను బిడ్డ వద్దకు తీసికొని పొండు. ఆమె పిండిన నాలుగు చుక్కలను గౌరవముతో ఆసుపత్రికి చేర్చుడు. ఆ శిశువునకు మీరు ఇయ్యగల సాయము ఇంతకు మించి మరొకటి లేదు.